అంగస్తంభన సమస్య: పొడి, మాత్ర, పరీక్ష, ఓదార్పు... యువకుడికి ఏది మేలు?

పెళ్లయిన కొత్తలోనో, సూరత్ మరమగ్గాల నుంచి కొద్దిరోజుల సెలవు మీద ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న ఇంటికి వచ్చినప్పుడో అంగం గట్టిపడకపోయినా, గట్టిపడి నిలవకపోయినా కుర్రవాడు ఎవరికీ చెప్పడు. బస్టాండు గోడ మీద "నరాల బలహీనత" అని రాసిన పోస్టరులోని నంబరును గుట్టుగా ఫోనులో ఎక్కించుకుంటాడు. బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, గుణుపురంలోనైనా, రాయగడలోనైనా తెలుగు యువకుడి ముందున్న దారులు నాలుగు. పోస్టరులో చెప్పిన పొడి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్ర, డాక్టరు దగ్గర పరీక్ష, మందు లేకుండా మనసునూ అలవాట్లనూ చక్కబెట్టుకోవడం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పరీక్షతో మొదలుపెట్టాలి. అలవాట్లు మార్చుకోవడం దాదాపు అందరికీ అవసరం. మాత్ర మంచి మందే గాని, దాని వంతు పరీక్ష తర్వాత. పొడి మాత్రం ఎవరికీ వద్దు.

ఒకటి రెండుసార్లు తప్పితే అది జబ్బు కాదు. అలసట, మద్యం, పక్క గదిలో నిండా బంధువులు, వీటిలో ఏ ఒక్కటైనా అందుకు చాలు. కనీసం మూడు నెలల పాటు పదే పదే అలాగే అవుతుంటేనే వైద్యులు దాన్ని అంగస్తంభన లోపంగా లెక్కిస్తారు.

పొడి సంగతి త్వరగా తేల్చేద్దాం. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. అంటే ఆ పోస్టరు గోడ ఎక్కడమే నేరం. "మూలికలు మాత్రమే" అని అమ్మే ఇలాంటి సరుకులో, ఇదే సమస్యకు వాడే అల్లోపతి మందు సిల్డెనాఫిల్‌ను రహస్యంగా కలిపిన ఉదంతాలు అనేక దేశాల్లో పదే పదే బయటపడ్డాయి. పొడి పనిచేసినట్టు అనిపిస్తే కారణం అదే కావచ్చు, కానీ మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది మరొకటి. హస్తప్రయోగం వల్ల, వీర్యనష్టం వల్ల ఈ గతి పట్టిందని వాళ్లు కుర్రవాళ్లను బెదిరిస్తారు. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, వీర్యం పోతే బలం పోదు. కానీ ఆ బెదిరింపు పుట్టించిన దిగులు మాత్రం నిజంగానే అంగస్తంభనను చెడగొడుతుంది.

అదెలాగో తెలియాలంటే లోపల జరిగేది కొంచెం తెలియాలి. కోరిక కలిగినప్పుడు అంగంలోని నరాలు, రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాంతో అక్కడి కండరం సడలుతుంది, రక్తం వచ్చి నిండుతుంది, ఆ ఒత్తిడికి రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు మూసుకుంటాయి. భయపడినప్పుడు ఒంట్లో పెరిగే అడ్రినలిన్ అదే కండరాన్ని బిగదీస్తుంది. "ఈ రాత్రి కూడా ఇలాగే అయితే?" అన్న ఒక్క ఆలోచన చాలు. ఒకసారి తప్పితే భయం, ఆ భయంతో మరోసారి తప్పడం. యువకుల్లో ఈ సుడి చాలా ఎక్కువ.

అందువల్ల మొదట తేల్చుకోవలసింది, కారణం మనసులో ఉందా, ఒంట్లో ఉందా అని. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో ఒక్క రాత్రే మూడు నుంచి ఐదు సార్లు అంగస్తంభన కలుగుతుంది. తెల్లవారి లేచేసరికి మామూలుగానే ఉంటున్నా, ఒంటరిగా ఉన్నప్పుడు ఇబ్బంది లేకపోయినా, సమస్య ఫలానా రోజు నుంచి అని చెప్పగలిగేంత హఠాత్తుగా మొదలైనా కారణం మనసు వైపే మొగ్గుతుంది. నెమ్మదిగా తగ్గుతూ వచ్చి, ఉదయం కూడా లేకుండా పోతే ఒంటిని అనుమానించాలి. కోరికే తగ్గిపోతే హార్మోన్లనూ, కుంగుబాటునూ చూడాలి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. కాబట్టి ఈ గుర్తులను బట్టి ఇంట్లోనే తీర్పు చెప్పుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

"వయసులో ఉన్నవాడికి పరీక్షలెందుకు?" అనే పెద్దవాళ్లకు ఒక జవాబు ఉంది. అంగానికి రక్తం తెచ్చే ధమనులు 1 నుంచి 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి, గుండెవి 3 నుంచి 4. రక్తనాళాలు పూడుకుపోవడం మొదలైతే సన్నవాటిలో ముందు తెలుస్తుంది. ఛాతీ నొప్పికి కొన్నేళ్ల ముందే ఈ లోపం కనబడవచ్చు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలు, అవసరమైతే ఉదయం పూట టెస్టోస్టిరాన్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు చూస్తే చాలావరకు తేలిపోతుంది. షుగర్ ఉన్నట్టు మొదటిసారి ఇలాగే తెలిసే యువకులు ఉంటారు. వాళ్లు పొడి తింటూ కూర్చుంటే ఆ షుగర్ లోలోపల కళ్లనూ మూత్రపిండాలనూ తినేస్తుంది. కుంగుబాటుకు, బీపీకి, జుట్టు రాలడానికి వాడే కొన్ని మందులు కూడా ఈ సమస్య తెస్తాయి. వాటిని సొంతంగా మానేయకూడదు. చెబితే డాక్టరు మార్చి ఇస్తారు.

ఇక మాత్ర. సిల్డెనాఫిల్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. సాధారణంగా గంట ముందు వేసుకుంటారు, నాలుగైదు గంటలు పనిచేస్తుంది, నూనె పదార్థాలతో కడుపు నిండా తింటే ఆలస్యమవుతుంది. టడలాఫిల్ అనే మరో మాత్రకు ఆ తిండి పట్టింపు లేదు, ప్రభావం 36 గంటల వరకు ఉంటుంది, చిన్న మోతాదులో రోజూ వేసుకునే పద్ధతి కూడా ఉంది. గడియారం చూసుకుంటూ ఆందోళన పడేవాడికి టడలాఫిలే నయమని నా అభిప్రాయం. రెండిట్లో ఏ మాత్రైనా సరే, కోరిక కలిగితేనే పనిచేస్తుంది, కోరికను తాను పుట్టించదు. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ సాధారణం. గుండె నొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు ఈ మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు, బీపీ ప్రాణం మీదకు వచ్చేంతగా పడిపోతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులివి. స్నేహితుడిచ్చిన స్ట్రిప్పుతో మొదలుపెట్టవద్దు.

మన వైపు వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ జబ్బులో అంగం నొప్పితో గంటల తరబడి గట్టిగా ఉండిపోయే ప్రమాదం ఉంది. నాలుగు గంటలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సిగ్గుపడి తెల్లవారేదాకా ఆగితే లోపలి కణజాలం దెబ్బతిని శాశ్వత లోపం మిగులుతుంది. ఈ జబ్బు ఉన్నవారు డాక్టరుకు చెప్పకుండా ఆ మాత్రలు ముట్టుకోకూడదు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు వారికి పరీక్ష చేస్తున్నారు, చేయించుకోండి.

నాలుగో దారి నిదానం, కానీ గట్టిది. వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున చెమట పట్టేలా వ్యాయామం ఆరు నెలలు చేస్తే, ఒంటి కారణాలున్న వారిలో కూడా మెరుగుదల కనిపిస్తుంది. బీడీ, ఖైనీ, గుడాఖు అన్నిట్లోనూ ఉన్నది రక్తనాళాలను బిగించే నికోటినే. 12 గంటల రాత్రి షిఫ్టుల మీద షిఫ్టులు చేసి నిద్ర చాలని ఒంటిలో టెస్టోస్టిరాన్ కూడా తగ్గుతుంది. ఆందోళనే కారణమైతే భార్యాభర్తలు కొన్ని వారాలు సంభోగం సంగతి పక్కన పెట్టి, స్పర్శకూ దగ్గరితనానికే పరిమితం కావాలని చికిత్సకులు చెబుతారు. నెగ్గి తీరాలన్న ఒత్తిడి లేని చోట భయానికీ చోటుండదు. తొలి వారాల్లో ధైర్యం కోసం డాక్టరు చిన్న మోతాదు మాత్ర కూడా జోడించవచ్చు. ఈ రెండూ కలిసి నడవగలవు.

భార్యకు చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకు నా దగ్గర ఒకటే సమాధానం, చెప్పాలి. పిల్లలు కలగలేదని కోడలిని గుళ్ల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిప్పే ఇళ్లలో, అసలు సంగతి తెలిసిన భర్త మౌనంగా ఉండటం ఆమెకు చేసే అన్యాయం.

ఎక్కడికి వెళ్లాలి? చాలామంది ఊరి డాక్టరు ఇంట్లో చెబుతాడేమోనని విశాఖపట్నం దాకా వెళ్తారు. ఒక్కసారికి అది బాగానే ఉంటుంది గాని, నెలన్నర తర్వాత మళ్లీ చూపించుకోవాలంటే ప్రయాణం భారమై మానేస్తారు. ముందు దగ్గరలోని జనరల్ మెడిసిన్ డాక్టరును కలవడమే మేలు. ఒడియాలో ఈ మాటలు నోరు దాటకపోతే ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం దగ్గరే. పెద్ద వైద్యం కావాలంటే బరంపురంలో 1962 నుంచి ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కోరాపుట్‌లో 2017 నుంచి సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. ఆందోళనతో నిద్ర పట్టని రాత్రి 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సేవలో తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు ముందు నోరు రాకపోతే ఇలా కాగితం మీద రాసి ఇవ్వండి: "మూడు నెలలుగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. ఉదయం పూట ఉంటోంది లేదా ఉండటం లేదు. ఈ మందులు వాడుతున్నాను. పొగాకు, మద్యం అలవాటు ఇంత ఉంది. ఇంట్లో షుగర్, సికిల్ సెల్ ఉన్నవారు వీరు."