షెల్‌చెక్: ఫైల్ ఉందో లేదో చూసే లైన్లకు ఎంతవరకు కాపలా?

షెల్ స్క్రిప్టులో (కమాండ్లను వరుసగా నడిపే ఫైలులో) ఫైల్ ఉందో లేదో చూసే లైను తప్పుగా రాసినా చాలాసార్లు ఏ ఎర్రరూ రాదు. -ఎఫ్ అంటే 'ఈ ఫైల్ ఉందా' అని అడగడం. దాన్ని [ -ఎఫ్ $ఫైల్ ] అని కొటేషన్లు లేకుండా రాశారనుకోండి. వేరియబుల్ ఖాళీగా ఉంటే బ్రాకెట్ల మధ్య మిగిలేది -ఎఫ్ ఒక్కటే. ఆ బ్రాకెట్ల వెనక పనిచేసే టెస్ట్ కమాండ్‌కి ఒకే మాట దొరికితే అది ఖాళీయా కాదా అన్నదే చూస్తుంది. ఖాళీ కాదు కాబట్టి 'నిజం' అంటుంది. లేని ఫైలు ఉన్నట్టే లెక్క, స్క్రిప్టు ముందుకెళ్లిపోతుంది.

విడార్ హోలెన్ హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన షెల్‌చెక్ అనే ఉచిత టూల్ ఈ తప్పుని స్క్రిప్టు నడపకముందే పట్టుకుని ఎస్‌సీ2086 అనే హెచ్చరికగా చూపిస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఏపీటీతోనే ఇన్‌స్టాల్ అవుతుంది. మెలికల్లా ఆ హెచ్చరిక స్థాయి 'ఇన్ఫో' కావడమే. గోల తగ్గించుకుందామని సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనిఖీలు నడిపే వ్యవస్థలో) 'వార్నింగ్ స్థాయికి తక్కువవి చూపించకు' అనే -ఎస్ వార్నింగ్ ఆప్షన్ పెట్టుకున్నవాళ్లకి అది కనబడనే కనబడదు. ఆ ఆప్షన్ తీసేయండి.

ఇంకా పనికొచ్చే హెచ్చరిక ఎస్‌సీ2144. -ఇ కూడా ఆ పేరుతో ఏదైనా ఉందా అని అడిగేదే. [ -ఇ *.లాగ్ ] అన్న లైను ఫోల్డర్‌లో ఒకే లాగ్ ఉన్నన్నాళ్లూ బాగానే నడుస్తుంది. రెండోది చేరిన రోజు స్క్రిప్టుని నడిపే షెల్ బ్యాష్ 'బైనరీ ఆపరేటర్ ఎక్స్‌పెక్టెడ్' అంటుంది, స్క్రిప్టేమో ఫైళ్లు లేవనుకుని ఎల్స్ (లేకపోతే) భాగంలోకి దూకుతుంది. ఫైళ్లను ఒక్కొక్కటిగా చూసే ఫర్ లూప్ వాడమని టూలే చెబుతుంది.

పర్మిషన్ల విషయంలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇది స్క్రిప్టు చదువుతుందే తప్ప డిస్కు చూడదు. మామూలు లోకల్ డిస్కు మీద రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) నడిపితే 000 పర్మిషన్, అంటే ఎవరికీ ఏ అనుమతీ లేని ఫైలుకి కూడా -ఆర్ (చదవొచ్చా), -డబ్ల్యూ (రాయొచ్చా) రెండూ నిజమనే వస్తాయి. -ఎక్స్ (నడపొచ్చా)కి మాత్రం కనీసం ఒక ఎగ్జిక్యూట్ బిట్ ఉండాలి. రూట్ క్రాన్‌లో (చెప్పిన సమయానికి పనులు నడిపే ఏర్పాటులో) నడిచిన స్క్రిప్టు, తక్కువ అధికారాలున్న సర్వీస్ యూజర్ కింద చతికిలబడేది ఇందుకే. సుడో -యుతో అదే యూజర్‌గా ఒకసారి నడిపి చూడాల్సిందే.

ఫైలున్న డైరెక్టరీలోకి వెళ్లనిచ్చే ఎక్స్ పర్మిషన్ లేకపోతే ఉన్న ఫైలుని కూడా -ఇ లేదంటుంది. తెగిపోయిన సిమ్‌లింక్‌దీ (లేని ఫైలుని చూపించే లింకుదీ) అదే కథ: -ఇ లేదంటుంది, లింకు ఉందా అని అడిగే -ఎల్ ఉందంటుంది, లింకులు చేసే ఎల్ఎన్ కమాండేమో ఫైల్ ఇప్పటికే ఉందని మొరాయిస్తుంది. వీటిలో దేనికీ షెల్‌చెక్ నోరు విప్పదు. రాయబోయే ఫైలుని -డబ్ల్యూతో పరీక్షించి తర్వాత తెరిచేకన్నా, నేరుగా తెరిచి విఫలమైతే ఆగిపోవడం మేలు. ఆ రెండింటి మధ్యలో పర్మిషన్ మారిపోవచ్చు.

జెడ్‌షెల్ అనే మరో షెల్‌లో స్క్రిప్టులు రాసేవాళ్లకి షెల్‌చెక్ అక్కరకు రాదు. షెబాంగ్‌లో (ఏ షెల్‌తో నడపాలో చెప్పే మొదటి లైనులో) ఆ పేరు కనబడగానే 'సారీ' చెప్పి ఆగిపోతుంది.