మానవ హక్కులు, పర్యావరణం మీద ఆన్‌లైన్ కోర్సు: కేసుల కోసం చేరండి, తీర్మానాల వీడియోలు దాటేయండి

అంతర్జాతీయ చట్టంలో మానవ హక్కులకీ పర్యావరణ పరిరక్షణకీ ఉన్న లంకె మీద ఈ కోర్సు. మొదటి భాగం మహా నీరసం. పర్యావరణంపై ఐరాస సదస్సుల్లో వెలువడిన 1972 స్టాక్‌హోమ్ ప్రకటన, 1992 రియో ప్రకటన అంటూ స్లైడ్ల మీద ఉన్నది ఉన్నట్టు చదివేస్తారు. పర్యావరణానికి అన్ని ఒప్పందాలు ఉండగా జనం మానవ హక్కుల కోర్టుల గుమ్మం ఎందుకు తొక్కుతున్నారన్నది కదా అసలు ప్రశ్న, దానికి జవాబు సగం కోర్సు అయ్యాక గానీ రాదు. ఆ ఒప్పందాలు చాలావరకు దేశాల మధ్య వ్యవహారం, పక్కనున్న ఫ్యాక్టరీ పొగతో ఉక్కిరిబిక్కిరయ్యే మనిషి నేరుగా వెళ్లి ఫిర్యాదు చేసే వీలు వాటిలో అరుదు (పర్యావరణ విషయాల్లో ప్రజల హక్కుల మీద వచ్చిన ఆర్హస్ ఒడంబడిక లాంటి మినహాయింపులు ఉన్నాయి). మానవ హక్కుల ఒప్పందాల్లో ఆ దారి ఉంది. ఈ ముక్క మొదటి వీడియోలోనే చెప్పేస్తే ఎంతమంది మధ్యలో మానేయకుండా ఉండేవారో!

కేసుల దగ్గరకొచ్చేసరికి మాత్రం అదే టీచరా అనిపిస్తుంది. స్పెయిన్‌లోని లోర్కా ఊళ్లో తోళ్ల ఫ్యాక్టరీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు ఒకావిడ ఇంటికి పన్నెండు మీటర్ల దూరంలో ఉండేది. ఐరోపా మానవ హక్కుల ఒడంబడికలో పర్యావరణం అన్న మాటే లేదు. అయినా 1994లో ఐరోపా మానవ హక్కుల కోర్టు అందులోని ఆర్టికల్ 8ని, అంటే ఇంటినీ కుటుంబ జీవితాన్నీ కాపాడే హక్కుని పట్టుకుని ఆవిడ వైపు తీర్పిచ్చింది. ఇది లోపెజ్ ఓస్ట్రా కేసు. ఆ వెంటనే నైజీరియాలోని ఒగోని ప్రాంతంలో చమురు తవ్వకాల కాలుష్యం మీద వేసిన కేసు చెబుతారు. ఆఫ్రికా మానవ హక్కుల చార్టర్ ఆర్టికల్ 24లో మంచి పర్యావరణం హక్కుగా నేరుగానే రాసి ఉంది కాబట్టి అక్కడ ఇన్ని తిప్పలు లేవు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పడం నాకు బాగా నచ్చింది.

ఒగోని కేసులో నైజీరియా తప్పుందని ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ 2001లోనే తేల్చింది, కోర్సు అక్కడితో ఆపేసింది. తర్వాత పదేళ్లకి, 2011లో, ఐరాస పర్యావరణ సంస్థ అక్కడి నేలా నీళ్లూ పరీక్షించి, పూర్తిగా బాగుపడాలంటే 25 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చని చెప్పింది. గెలిచాక ఏమైందన్నది లేకుండా ఈ సబ్జెక్టు చెబితే ఎలా?

ఓడిన కేసులకీ ఇదే గతి. వాతావరణ మార్పును ఆపడానికి తమ ప్రభుత్వం తగినంత చేయట్లేదంటూ ఐరోపా మానవ హక్కుల కోర్టుకెళ్లిన స్విట్జర్లాండ్ వృద్ధ మహిళల సంఘం 2024 ఏప్రిల్ 9న గెలిచిన తీర్పుకి మ్యూజిక్ పెట్టి మరీ పెద్ద వీడియో చేశారు. అదే రోజు అదే కోర్టు పోర్చుగల్ యువత వేసిన వాతావరణ కేసుని తిరగ్గొట్టింది, అది రెండు వాక్యాల్లో అయిపోయింది. వాళ్లు ముందు సొంత దేశపు కోర్టులకు వెళ్లలేదు, పైగా పోర్చుగల్‌లో ఉంటూ మిగతా దేశాలనూ బోనెక్కించబోయారు. నిజానికి పొగ వదిలే దేశం ఒకటి, నష్టపోయే మనిషి ఇంకో దేశంలో ఉంటే ఏం చేయాలన్నదే కదా అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. స్విట్జర్లాండ్ కేసులో కూడా సంఘానికే కేసు వేసే అర్హత దొరికింది, విడిగా కేసు వేసిన నలుగురు మహిళలకు దొరకలేదు, అదీ చెప్పలేదు.

నాకు చిరాకెత్తించింది ఇంకోటుంది. స్వచ్ఛమైన, ఆరోగ్యకరమైన, సుస్థిర పర్యావరణం మానవ హక్కు అని ఐరాస సాధారణ సభ 2022 జులై 28న తీర్మానించింది. అనుకూలంగా 161 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, 8 దేశాలు తటస్థం. టీచర్ మాటలు వింటే రేపే ఎవరైనా ఆ కాగితం పట్టుకుని కోర్టుకెళ్లొచ్చు అనిపిస్తుంది. ఆ తీర్మానానికి దేశాలను కట్టడి చేసే బలం లేదు, బరువున్న రాజకీయ మాట అంతే. అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులైలో వాతావరణ మార్పుపై ఇచ్చిన అభిప్రాయం కూడా సలహాయే, అయితే ఇకముందు చాలా వాదనలకు ఆధారం అదే అవుతుంది. దాని మీద చివర్లో ఓ వీడియో అతికించారు గానీ పాతవి సరిచేయలేదు, అందుకని ముందు వీడియోల్లో టీచర్ ఇంకా ఆ అభిప్రాయం కోసం ఎదురుచూస్తూనే ఉంటారు.

క్విజ్‌లు దండగ. ఏ ఏడాది, ఏ ఊరు అని అడుగుతారు తప్ప ఆర్టికల్ 8నే ఎందుకు వాడారని ఒక్కసారీ అడగరు.

5కి 3 ఇస్తాను. లా చదివేవాళ్లూ, ఉద్యమాల్లో ఉన్నవాళ్లూ కేసుల భాగం చూసి, ఆ తీర్పులు తెరిచి సొంతంగా చదువుకోండి. వీడియోలన్నీ ఉచితమే, డబ్బు అడిగేది సర్టిఫికెట్‌కి మాత్రమే, దానికి కట్టక్కర్లేదు.