లాయరుపేట ఇంట్లో ఐదు వేసవులు చూసిన మీడియా పెట్టె

మా ఇల్లు ఒంగోలు లాయరుపేటలో ఉంది. కింది అంతస్తులో అమ్మానాన్నలు, పై అంతస్తులో మేము ఉంటాము. 2021 ఫిబ్రవరిలో కింది హాలులోని టీవీకి రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో ఇమిడే కంప్యూటరు బోర్డును తగిలించి, అందులో లిబ్రెఎలెక్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించాను. ఆ వ్యవస్థకు వేరే పని లేదు. టీవీ వెలగగానే కోడి అనే ప్లేయరును తెర మీదికి తేవడమే దాని ఉద్యోగం. బోర్డు, అల్యూమినియం తొడుగు, అడాప్టరు, మెమరీ కార్డు అన్నీ కలిపి ఎనిమిది వేలకు కొంచెం లోపు ఖర్చయింది. ఐదు వేసవులు, లెక్క పెట్టని కరెంటు కోతలు, ఒక తుపాను గడిచాక ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా మా ఇంటి అవసరమేమిటో చెప్పాలి, ఎందుకంటే పెట్టెను ఎంచుకోవడం అక్కడే మొదలవుతుంది. మా అక్క పెళ్లి 2004లో జరిగింది. ఆ పెళ్లి మూడు మినీ డీవీ టేపుల మీద ఉంది. ఒక్కొక్కటి గంట నిడివి. వాటిని ఫైర్‌వైర్ తీగతో కంప్యూటరులోకి ఎక్కిస్తే గంటకు దాదాపు 13 జీబీ చొప్పున మొత్తం 39 జీబీ అయింది. వీటికి తోడు తాతయ్య షష్టిపూర్తి, రెండు గృహప్రవేశాలు, పిల్లల ఫోను వీడియోలు, కొన్న డిస్కుల నుంచి దాచుకున్న పాత సినిమాలు. ఇవన్నీ పై గదిలోని పాత డెస్క్‌టాప్‌కు ఉన్న 4 టీబీ డిస్కులో ఉంటాయి. కింద టీవీలో అవి చెడిపోకుండా, ఆగకుండా ఆడాలి. అంతే మా కోరిక.

ఇంత చిన్న కోరికను ఈ బోర్డు కన్నా ముందు కొన్న మొదటి పెట్టె తీర్చలేకపోయింది. దాని పేరు ఇక్కడ అనవసరం. బజారులో రెండున్నర వేలకు దొరికింది, అట్టపెట్టె మీద బంగారు రంగులో 8కె అని అచ్చు వేసి ఉంది. తెచ్చిన రోజే అక్క పెళ్లి పెట్టాను. జీలకర్ర బెల్లం దాకా బాగానే నడిచింది గానీ, అక్క పీటల మీది నుంచి లేచి అడుగు వేయగానే చీర అంచు వెంట అడ్డగీతలు లేచాయి. నాన్న కళ్లజోడు సర్దుకుని, "ఏంది అబ్బాయా, అక్క చీరంతా దువ్వెన పళ్లు మొలిచినయ్యేంది?" అన్నారు. ఆ మాట సాంకేతికంగా కూడా సరైనదే. ఆ కాలపు కెమెరాలు మన దేశంలో అప్పట్లో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు తీసేవి. అయితే ఒక్కో బొమ్మను రెండు సగాలుగా, ముందు ఒక వరుస విడిచి ఒక వరుస చొప్పున సగం గీతలు, సెకనులో యాభయ్యో వంతు తరువాత మిగతా గీతలు అన్నట్టుగా నమోదు చేసేవి. పాత పెట్టె టీవీలు కూడా అదే వరుసలో గీసేవి కాబట్టి తేడా తెలిసేది కాదు. నేటి పలక టీవీ మొత్తం బొమ్మను ఒక్కసారే చూపిస్తుంది. రెండు సగాల మధ్య మనిషి కదిలి ఉంటే, ఆ కదిలిన మేర గీతలు పళ్లలా బయటికి పొడుచుకు వస్తాయి. వాటిని కలిపి నున్నగా చేసే పనిని పెట్టె చెయ్యాలి. ఆ 8కె పెట్టె చెయ్యలేదు. రాస్ప్‌బెర్రీ పై 4లో కోడి చేస్తుంది; మొదట సెట్టింగులో ఒకసారి చూసుకోవలసి వచ్చింది, ఆ తరువాత మళ్లీ ముట్టుకోలేదు.

రెండో జబ్బు ఇంకా సూక్ష్మమైనది. పెళ్లి వీడియోలో బంతి భోజనాల దగ్గర కెమెరా ఈ చివరి నుంచి ఆ చివరికి విస్తళ్ల మీదుగా మెల్లగా సాగుతుంది. పాత పెట్టెలో ఆ వరుస సాఫీగా సాగక, వెనక నుంచి ఎవరో మోచేత్తో పొడుస్తున్నట్టు జంకి జంకి కదిలేది. నెట్‌వర్కు నెమ్మదించిందని చాలా రోజులు పొరబడ్డాను. కారణం అది కాదు. పెట్టె ఏ ఫైలు వచ్చినా టీవీకి సెకనుకు 60 సార్లే పంపేది. 25 బొమ్మలను 60 గళ్లలో నింపాలంటే ఒక్కొక్కటి 2.4 సార్లు కనిపించాలి, అది కుదరదు కాబట్టి ఒక బొమ్మ రెండుసార్లు, మరొకటి మూడుసార్లు పడుతుంది. కంటికి తెలిసే కుదుపు అదే. కోడిలో టీవీ రిఫ్రెష్ రేటును, అంటే సెకనుకు తెర ఎన్నిసార్లు మారాలో ఆ లెక్కను, వీడియోకు తగ్గట్టు మార్చే సదుపాయం ఉంది. దాన్ని తెరిచాక, మన పెళ్లి వీడియోలకు టీవీ 50కి, సినిమాలకు 24కి, ఫోనులో తీసినవాటికి 60కి తనంతట తాను మారుతుంది. మారేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. టీవీ పాడైందని అమ్మ మొదట్లో కంగారు పడింది, తరువాత అలవాటైంది. ఏ పెట్టె కొన్నా దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఈ సదుపాయం గురించేనని నా అభిప్రాయం. 4కె గురించి ఆ తరువాత అడగవచ్చు.

ఇక ఇంటి నెట్‌వర్కు. రౌటరు పై అంతస్తులో ఉంది. మధ్యలో ఇనుప చువ్వల స్లాబు, మెట్లకూ కింది వంటగది గట్టుకూ చీమకుర్తి నల్ల గ్రానైటు. అసలు అడ్డు చువ్వలదే అనుకోండి, గ్రానైటు పేరు చెబితే మా ప్రాంతం వాళ్లకు కొంచెం గర్వం. కింది హాలులోకి వైఫై వస్తుంది గానీ, ఫైలు కాపీ చేసి కొలిస్తే సెకనుకు 20 మెగాబిట్లు దాటలేదు. టేపు ఫైలు గంటకు 13 జీబీ అంటే సెకనుకు దాదాపు 29 మెగాబిట్లు. ఇరవై వచ్చే గొట్టంలో ఇరవై తొమ్మిది పట్టదు కాబట్టి ప్రతి నిమిషానికీ సుడి తిరుగుతూ ఆగేది. ఈ సంగతి కేబులు అబ్బాయికి చెబితే, "సార్, ప్లాన్ 200కి మార్చుకోండి, సెట్ అయిపోద్ది" అన్నాడు. అతని తప్పు లేదు, చాలామంది అనుకునేది అదే. కానీ పై గదిలోని డిస్కు నుంచి కింది టీవీకి వెళ్లే ఫైలు రౌటరు గడప దాటి వీధిలోకి పోదు. బయటి ప్లాను ఎంత పెంచినా ఇంటి లోపలి దారి వెడల్పు కాదు. వెనకటి డిష్ యాంటెనా గొట్టంలో నుంచి క్యాట్ 6 అనే నెట్‌వర్కు తీగను కిందికి లాగించాను. ఎలక్ట్రీషియనుకు ఒక పూట పని పట్టింది. ఆ రోజు నుంచి ఈ నాటి దాకా సుడి కనిపించలేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో ఫైబరు తెగి రెండు రోజులు నెట్ లేకపోయినా, ఇన్వర్టరు ఉన్నంతసేపు ఇంట్లో సినిమా ఆడింది.

పెట్టెకు తీగ గుచ్చే చోటు ఉందో లేదో కొనకముందే చూడాలి. 2020లో మన దేశంలోకి వచ్చిన మి బాక్స్ 4కెకు ఈథర్నెట్ రంధ్రం లేదు. 2022 నాటి ఆపిల్ టీవీ 4కెలో 128 జీబీ రకానికి ఉంది, 64 జీబీ రకానికి లేదు. ఫైర్ టీవీ స్టిక్ 4కెకు విడిగా అడాప్టరు కొనుక్కోవాలి, అది 100 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది. ఆ వంద చాలదా అంటే, మామూలు బ్లూరే గరిష్ఠంగా 54 మెగాబిట్లే అడుగుతుంది కాబట్టి చాలామందికి చాలు. 128 దాకా వెళ్లే 4కె బ్లూరే ఫైళ్లు ఉన్నవారికి చాలదు. పై 4లో గిగాబిట్, అంటే వెయ్యి మెగాబిట్ల, ఈథర్నెట్ ఉంది కనుక ఆ చింత నాకు లేకపోయింది.

శబ్దం విషయంలో నాకు రెండు నెలలు వృథా అయ్యాయి. కొత్త సినిమా పెడితే అమ్మ, "మ్యూజిక్ వినపడతంది గానీ మాటలు వినపడటం లేదు రా" అనేది. ఆమెకు వినికిడి తగ్గిందేమోనని డాక్టరుకు చూపించాలనుకున్నాను కూడా. తీరా చూస్తే, ఆరు దారుల శబ్దంలో మాటలన్నీ ఎక్కువగా మధ్య దారిలో ఉంటాయి. దాన్ని టీవీకి ఉన్న రెండు స్పీకర్లలోకి కుదించినప్పుడు మాట పలచబడి, వాయిద్యాలు మీదికి వస్తాయి. కోడిలో స్పీకర్లు రెండే అని చెప్పి, కుదించిన శబ్దానికి కొంత బలం పెంచాను. డాక్టరు ఖర్చు తప్పింది.

కరెంటు గురించి రాయకపోతే ఈ సమీక్ష మన ఊరిది కాదు. మొదట పొదుపు కోసం ఫోను ఛార్జరుతో నడిపాను. తెర మూలలో చిన్న మెరుపు గుర్తు వచ్చి పోతుండేది. వోల్టేజీ చాలడం లేదని దాని అర్థం. పై 4కు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలి, అది పెట్టాక ఆ గుర్తు పోయింది. నాలుగు యూఎస్‌బీ రంధ్రాలకూ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తుంది కాబట్టి హార్డు డిస్కులను దానికే తగిలించి నడపాలనుకునేవారు సొంత కరెంటు ఉన్న హబ్ కొనుక్కోవాలి. మా ఇన్వర్టరు కరెంటు పోయిన క్షణంలో మారేటప్పుడు చిన్న ఖాళీ ఇచ్చేది, పెట్టె ఆరి మళ్లీ వెలిగేది. అలా రెండుసార్లు కార్డులోని వ్యవస్థ చెడిపోయింది. ఇన్వర్టరు వెనక ఉన్న మీటను యూపీఎస్ వైపు తిప్పాలని ఏడాది తరువాత గాని నాకు తోచలేదు. ఇప్పుడు కార్డుకు ఒక నకలు తీసి బీరువాలో ఉంచుతాను. చెడిపోతే పది నిమిషాల పని.

వేడి మరో సంగతి. మొదటి వేసవిలో బోర్డును టీవీ కింది చెక్క అరలో తలుపు మూసి ఉంచాను. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం సినిమా మందగించింది. వివరాల తెర తెరిచి చూస్తే చిప్పు వేడి 82 డిగ్రీలు. 80 దాటితే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు కొన్నదే ఆ అల్యూమినియం తొడుగు. అర తలుపు కూడా ఊడదీశాము. ఇప్పుడు మే నెలలో కూడా 65 దాటదు. ఫ్యాను లేదు, కాబట్టి చప్పుడూ లేదు, ఫ్యాను రెక్కల్లో దుమ్ము చేరడమూ లేదు.

ఈ పెట్టె చెయ్యని పని ఒకటి ఉంది, అది చిన్నదేమీ కాదు. డబ్బు కట్టి చూసే ఓటీటీ యాప్‌లు దీనిలో నిండు నాణ్యతతో ఆడవు. ఆ సంస్థలు హెచ్‌డీ, 4కె బొమ్మను నకలు తీయకుండా కాపాడే వైడ్‌వైన్ ఎల్1 వంటి తాళం ఉన్న పరికరాలకే పంపుతాయి, ఈ బోర్డులో అది లేదు. మేము ఓటీటీని టీవీలో ఉన్న యాప్‌లతోనే చూస్తాము. ఇంట్లో దాచుకున్న ఫైళ్లు లేక ఓటీటీ మాత్రమే చూసేవారు దీని జోలికి రావద్దు. ఆ ధ్రువీకరణ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ పెట్టెనో స్టిక్‌నో కొనుక్కోవడం మేలు. నేను మొదట కొన్న 8కె పెట్టెకు కూడా ఆ తాళం లేదని, అందులో ఓటీటీ సినిమా 480 గీతల దగ్గరే ఆగిపోయేదని తరువాత తెలిసింది. ఏవీ1 అనే వీడియో కుదింపు పద్ధతిలోని ఫైళ్లకు పై 4 చిప్పులో ప్రత్యేక సదుపాయం లేదన్నది కూడా తెలిసి కొనాలి. నా దగ్గర అవి లేవు.

వాడకం సంగతికి వస్తే, దీనికి వేరే రిమోటు లేదు. హెచ్‌డీఎంఐ తీగ గుండానే టీవీ రిమోటు మీటలు పెట్టెకు చేరుతాయి. నాన్నకు ఇంగ్లీషు మెనూలు విసుగు కాబట్టి ప్రతి ఫోల్డరులో ఆ వేడుక ఫోటో ఒకటి పెట్టాను, ఆయన బొమ్మ చూసి నొక్కుతారు. ప్లేయరు పేరు మొదటిసారి విన్నప్పుడు అమ్మ, "టీవీలో కోడేందిరా" అని నవ్వింది. ఇప్పుడు సాయంత్రం కాగానే "కోడిని పెట్టు" అంటే ఇంట్లో పాత సినిమా అనే అర్థం స్థిరపడింది. ఆదివారం పూట ఆ మాట విని వచ్చిన చుట్టాలు వంటగది వైపు చూడటం కూడా జరిగింది.

ఐదేళ్లలో పెట్టె శరీరం మీద వచ్చిన దెబ్బ ఒక్కటే. ఈ బోర్డుకు మామూలు హెచ్‌డీఎంఐ కాక మైక్రో రకం రంధ్రాలు రెండు ఉంటాయి. టీవీ వెనక దుమ్ము దులిపిన ప్రతిసారీ తీగ బరువుకు ఆ సన్నని మూతి కదిలి, ఇప్పుడు కరెంటు ఇచ్చే టైపు సీ రంధ్రం పక్కనున్న మొదటి రంధ్రం వదులైంది. తీగ కొంచెం వంగితే బొమ్మ మాయమవుతోంది. రెండో రంధ్రానికి మార్చాను, తీగను తొడుగుకు రబ్బరు బ్యాండుతో కట్టాను. అది కూడా వదులైతే, మామూలు సైజు హెచ్‌డీఎంఐ, గిగాబిట్ తీగ రంధ్రం రెండూ ఉన్న పెట్టె కోసం చూస్తాను. అందులో మొదట ఆడించేది మాత్రం ఆ బంతి భోజనాల వరుసనే.