పల్లీనా, కందినా? ఇంటికేది మేలు, చెల్కకేది మేలు?

మా చెల్లె కొడుక్కు ఎనిమిది నెలలు. పోయిన నెల నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేసి, "అన్నా, పిల్లగానికి పల్లీలు పెట్టొద్దంట గదా, అలర్జీ వస్తదంట. కందిపప్పు ఒక్కటే పెట్టాల్నా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. మాకు రెండూ పండుతాయి. బోరు కింద యాసంగిలో పల్లి, పైచెల్కలో వానకు కంది. రెండూ ఇంట్లోనే ఉన్నా, ఏది దేనికి మేలో నేనూ అప్పటిదాకా కుదురుగా ఆలోచించలేదు.

అంకెలు చూస్తే పల్లీదే పైచెయ్యి అనిపిస్తుంది. వంద గ్రాముల పల్లీల్లో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు, కందిపప్పులో 22. కానీ మనం వీటిని వట్టిగా తినం, అన్నంతోనో జొన్నరొట్టెతోనో తింటాం. బియ్యంలో, అంతకంటే ఎక్కువగా జొన్నలో, కొరత పడేది లైసిన్ అనే అమైనో ఆమ్లం. మాంసకృత్తులను కట్టే ఇటుకల్లాంటివే ఈ అమైనో ఆమ్లాలు. కందిపప్పులో అది దండిగా ఉంది. కందిలో తక్కువైన మెథియొనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని బియ్యం, జొన్న పూడుస్తాయి. పల్లీలో లైసిన్ కూడా తక్కువే. అందుకే రొట్టెలోకి రోజూ పల్లిపొడే అయితే కడుపు నిండుతుంది కానీ ఆ లోటు తీరదు. రోజువారీ కూటికి నా ఓటు కందిపప్పుకే. పల్లీలో దాదాపు సగం నూనె కాబట్టి, ఒళ్లు వంచి కష్టం చేసేవాళ్లకు, బక్కపిల్లలకు గుప్పెడు పల్లీలిస్తే మంచి బలం.

ఇంకో మాట. చాలా ఇళ్లలో పసిపిల్లలకు పప్పు మీది తేట వంచి కట్టు పోస్తారు. మాంసకృత్తులు ఎక్కువగా అడుగున ఉన్న పప్పులోనే ఉంటాయి. మెత్తగా మెదిపి ఆ పప్పే పెట్టాలి.

ఇక అలర్జీ. నిజానికి పల్లీ బాదం, జీడిపప్పుల జాతి కాదు. కంది, పెసర, శనగల కుటుంబమే. మొలక తినడానికని గింజ దాచుకునే మాంసకృత్తులనే కొందరి ఒళ్లు శత్రువుగా పొరబడుతుంది. పల్లీలో వాటిలో ముఖ్యమైనది అరా హెచ్ 2 అనే మాంసకృత్తు. గంధకపు బంధాలతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి వేడికీ కడుపులోని జీర్ణరసాలకూ తొందరగా లొంగదు. అలర్జీ ఉన్నవాళ్లకు గానుగ నూనె కూడా క్షేమం కాదు, అందులో కొంత మాంసకృత్తు మిగిలే ఉంటుంది.

మా చెల్లె విన్న సలహా ఒకప్పుడు విదేశాల్లో డాక్టర్లు చెప్పిందే. దాన్ని తిరగరాసింది లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ గిడియన్ లాక్ బృందం. లండన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లలకంటే పది రెట్లు ఎక్కువని 2008లో తేల్చారు. ఇజ్రాయెల్‌లో పసివాళ్లకు పల్లీతో చేసిన చిరుతిండి చిన్నప్పుడే అలవాటు. తర్వాత తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎండి దురదపెట్టే జబ్బు) గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను, 4 నుంచి 11 నెలల వాళ్లను తీసుకుని, సగం మందికి పల్లీ పెట్టించారు, సగం మందికి మాన్పించారు. 2015లో ఫలితం వచ్చింది. మొదటి చర్మపరీక్షలో ఏ స్పందనా లేని పిల్లల్లో, ఐదేళ్లు వచ్చేసరికి, మాన్పించినవాళ్లలో 13.7 శాతానికి అలర్జీ వస్తే తిన్నవాళ్లలో 1.9 శాతానికే వచ్చింది.

కంది కూడా పూర్తిగా అమాయకురాలు కాదు. మన దేశంలో శనగ అలర్జీ ఉన్నవాళ్లున్నారు, కంది పడనివాళ్లూ ఉన్నారు. ఏది తిన్నా దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, వాంతులు కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి.

పల్లీతో నాకు అలర్జీ కంటే పెద్ద భయం బూజు. కాయ నేలలో ఊరుతుంది కాబట్టి చివరి తడి అందక పగిలినా, పీకిన కుప్ప సరిగ్గా ఆరకపోయినా యాస్పర్జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో టర్కీకోళ్లు వేలకు వేలు చచ్చిపోతే, మేపిన పల్లిచెక్కలోనే ఇది బయటపడింది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. బూజుపట్టిన చెక్క బర్రెకు పెడితే పాలలోకీ వస్తుంది. కంది కాయ కొమ్మమీదే ఎండుతుంది కాబట్టి ఈ బెంగ తక్కువ. దానికి పుచ్చు పురుగు బాధ ఉంది గానీ అది కంటికి కనిపిస్తుంది.

చెల్కకైతే నీళ్లు లేని చోట కందే. మన ఎర్రచెల్కల్లో భాస్వరం ఇనుముతో కలిసి బిగుసుకుపోయి ఉంటుంది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం వదిలి ఆ ఇనుమును పట్టుకుని, భాస్వరాన్ని విడిపించుకుంటుంది. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పరిశోధకులు దీన్ని కనిపెట్టి 1990లో ప్రకటించారు. రాలిన ఆకు నేలకే చేరుతుంది. పల్లినైతే మొక్కతో సహా పీకేస్తాం, కాకపోతే కట్టె పశువులకు మంచి మేత. విత్తన ఖర్చులో పోలికే లేదు. ఎకరాకు కంది రెండు మూడు కిలోలు చాలు, పల్లి గింజలు 60 కిలోలకు తక్కువ కావు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు కందికి 8,000, పల్లికి 7,263 రూపాయలు. తేలిక చెల్కకు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఉజ్వల లాంటి తక్కువ రోజుల కంది రకం చూసుకోవచ్చు. పూతమీద మరుకా పురుగును మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. బోరు నిలకడగా పోస్తే యాసంగి పల్లి నాలుగు నెలల లోపే చేతికొస్తుంది, అప్పుడు నేనూ పల్లే వేస్తాను.

మళ్లీ మా చెల్లె కొడుకు దగ్గరికొస్తే, వాడికి ఎగ్జిమా లేదు, గుడ్డు పడుతుంది. అవి ఉండి ఉంటే ముందు డాక్టర్‌ని అడగమనేవాణ్ని. గింజగా పెడితే గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి, వేయించి, పొట్టు చెరిగి, మెత్తగా నూరి, పప్పన్నంలో చిటికెడు కలపమన్నాను. మొదటిసారి పగటిపూటే పెట్టి, రెండు గంటలు పిల్లవాణ్ని కనిపెట్టుకుని ఉండమన్నాను. ఏమీ కాలేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు పెడుతోంది.

నేను పంపిన పల్లీలను చాటలో పోసి తనే ఏరింది. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పచ్చగా పొడి అంటినవి గుప్పెడు తేలాయట. "పారెయ్యబుద్ధి కాట్లే అన్నా, బర్రె కుడితిల ఎయ్యనా?" అంది. వద్దన్నాను. పొయ్యిలో వేసింది.