వాట్సాప్ బొమ్మ తీసుకెళ్తే మూలం వెతికి ప్రింటు వేసే షాపు: పాలకొల్లు మీమ్ టీషర్టుల రివ్యూ

పాలకొల్లు బస్టాండుకి దగ్గర్లో, ఫ్లెక్సీల షాపులూ పెళ్ళికార్డుల షాపులూ వరసగా ఉండే సందులో, టీషర్టుల మీద మీములూ డైలాగులూ వేసే చిన్న షాపు ఉంది. రేట్లు చుట్టుపక్కల ఊళ్ళకన్నా చవకేమీ కాదు. అయినా పనిగట్టుకుని వెళ్ళదగ్గ షాపు. ఫోన్లో చూపించిన బొమ్మని షాపాయన చూసింది చూసినట్టు మిషనుకి పెట్టేయడు. అది ఎక్కడ పుట్టిందో ముందు కనుక్కుంటాడు.

కౌంటర్ దగ్గర మాటలు ఇలా మొదలవుతాయి.

"ఈ బొమ్మ ఎవరు పంపారండి?"

"మా బావ గ్రూపులో పెట్టాడండి."

"ఆయనకెవరు పంపారో ఆయనకీ తెలీదు కదండి. ఓ పావుగంట కూర్చోండి, అసల్ది దొరుకుద్దేమో చూద్దాం."

ఆ పావుగంటలోనే ప్రింటు బాగోగులు తేలిపోతాయి. ఏ4 సైజు ప్రింటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో రావాలంటే బొమ్మ 2480×3508 పిక్సెల్స్ ఉండాలి. సగం, అంటే 150 డీపీఐ ఉన్నా బట్ట మీద సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కి కుదించుకుపోతుంది. అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు తంటా బొమ్మ నలిగిపోవడంతో. జేపెగ్ ఫైలు బొమ్మని 8×8 పిక్సెల్స్ గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది. సేవ్ చేసి మళ్ళీ పెట్టిన ప్రతిసారీ, ఇంకో యాప్‌లోకి ఎక్కించిన ప్రతిసారీ ఆ కుదింపు మళ్ళీ జరుగుతుంది. చివరికి అక్షరాల అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలొస్తాయి. ఫోన్లో కనపడవు, ఛాతీ మీద పది అంగుళాల ప్రింటులో కొట్టొచ్చినట్టు కనపడతాయి.

ఉత్తినే ఫార్వర్డ్ నొక్కితే బొమ్మ పాడవదు, సేవ్ చేసి తిరిగి పంపితేనే పాడవుతుంది. ఈ తేడా చాలా షాపులవాళ్ళకి తెలీదు. ఇండియాలో 2018 నుంచి ఒకేసారి అయిదు చాట్లకే ఫార్వర్డ్ చెయ్యనిస్తున్నారు. అయిదు చేతులు దాటి వచ్చిన మెసేజికి రెండు బాణాల గుర్తు పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. దాంతో జనం స్క్రీన్‌షాట్ తీసి కొత్తగా పెడుతున్నారు. అప్పుడు బాణాలు పోతాయి, బొమ్మలో పదునూ పోతుంది. అందుకే బాణాల్లేని బొమ్మ తాజాదని షాపాయన నమ్మడు. పైన ఫోన్ టైమూ, బ్యాటరీ గుర్తూ కత్తిరించిన ఆనవాలు ఉందేమో చూస్తాడు.

వెతకడానికి మొదట గూగుల్ లెన్స్, దొరక్కపోతే టిన్‌ఐ. రెండూ బొమ్మ పెడితే అలాంటి బొమ్మలు నెట్లో ఎక్కడున్నాయో చూపించేవే. టిన్‌ఐలో ఫలితాల్ని పాతవి ముందు వచ్చేలా పెట్టుకోవచ్చు, మూలానికి దగ్గర దారి అదే. విదేశీ మీముల పుట్టుక తెలియాలంటే నో యువర్ మీమ్ సైటు. ఆ తర్వాత బొమ్మ ఏ జాతిదో చూసి పని మారుస్తాడు, ఇక్కడే ఇతని పనితనం తెలుస్తుంది. పక్కన అమ్మాయి ఉండగా దారిన పోయే ఇంకో అమ్మాయిని వెనక్కి తిరిగి చూసే కుర్రాడి ఫోటో ఉందే, అది స్పెయిన్ ఫోటోగ్రాఫర్ ఆంటోనియో గిల్లెం 2015లో తీసిన స్టాక్ ఫోటో. మీముగా లోకమంతా తిరిగింది 2017లో. స్టాక్ ఫోటో కాబట్టి పెద్ద సైజు అసలు కాపీ డబ్బులు కట్టి తీసుకోవచ్చు. వెటకారంగా నవ్వే ట్రోల్‌ఫేస్ 2008లో కార్లోస్ రామిరెజ్ కంప్యూటర్లో గీసిన గీతల బొమ్మ. గీతలు కాబట్టి కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేసి వెక్టర్, అంటే పిక్సెల్స్ లేని గీతల ఫైలు చేసుకుంటే పోస్టర్ సైజుకీ చెదరదు. డోజ్ కుక్క వేరు. అది 2010లో జపాన్‌లో కబోసు అనే కుక్కకి ఇంట్లో తీసిన ఫోటో. బొచ్చు ట్రేసింగ్‌కి లొంగదు, కాబట్టి ఉన్న ఫోటోని చిన్న సైజులోనే వేస్తాడు.

మన మీముల్లో నూటికి తొంభై సినిమా ఫ్రేములే. అందులో గోదావరి జిల్లాల వాటా పెద్దది. అల్లు రామలింగయ్యది ఈ పాలకొల్లే, రాజబాబుది రాజమండ్రి, సునీల్‌ది భీమవరం. తెలుగు మీములకి మొదటి ముఖమైన బ్రహ్మానందం సినిమాల్లోకి వెళ్ళకముందు ఇక్కడి అత్తిలిలో తెలుగు లెక్చరర్. సినిమా ఫ్రేము కావాలంటే ముందు ఏ సినిమాయో తేల్చి, నిర్మాణ సంస్థ అధికారిక ఛానెల్లో 1080పీ వీడియో ఆపి, కీబోర్డులో కామా, ఫుల్‌స్టాప్ మీటలతో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ కళ్ళు మసకబారని ఫ్రేము పట్టుకుంటాడు. 1920 పిక్సెల్స్ వెడల్పుంటే పది అంగుళాలకి 192 డీపీఐ వస్తుంది, దివ్యంగా ఉంటుంది. పాత సినిమాలు 480పీలోనే ఉంటే నాలుగంగుళాల జేబు ప్రింటు వేయించుకోమంటాడు. ఆ మాట వినండి.

మాటల విషయంలోనూ మూలం అంతే ముఖ్యం. "కుర్చీ మడతపెట్టి" అంటూ ఇంటిల్లిపాదికీ టీషర్టులు అడిగేవాళ్ళున్నారు. అది ఓ పెద్దాయన యూట్యూబ్ ఇంటర్వ్యూలో అన్న మాట. దాని అసలు ముగింపు బూతు. 2024 సంక్రాంతి సినిమా పాటలోకి వచ్చేసరికి ఆ ముక్క వదిలేశారు. అమ్మమ్మగారి ఊళ్ళో భోగిమంట దగ్గర వేసుకునే చొక్కా మీద వెయ్యొచ్చా అని ఆలోచించుకోమని షాపాయన ముందే చెప్తాడు. "తగ్గేదే లే" 2021లో పుష్ప సినిమాతో వచ్చింది, క్రికెటర్ డేవిడ్ వార్నర్ రీల్సుతో తెలుగు తెలియనివాళ్ళకీ చేరింది. ఆ యాసలో "లే" అంటే లేదు. దాన్ని విడిగా రాస్తేనే అర్థం నిలుస్తుంది. చాలా ఫ్లెక్సీల మీద కలిపేసి, దీర్ఘాలు పోగొట్టి వేస్తారు. ఇక్కడ సరిగ్గా ఉంది.

బాగా అమ్ముడుపోయేది మాత్రం ఏ సినిమాలోంచీ రాలేదు: "ఆయ్". అవునండి అనడానికి ఈ నేల మీద తరతరాలుగా ఉన్న మర్యాద మాట, రీల్సుల్లో గోదారోళ్ళ గుర్తుగా మారింది. రెండే అక్షరాలు కాబట్టి దాచుకోడానికి ఏమీ ఉండదు. య మీద పొల్లు ఎటు వంగింది, ఎంత లావుంది అన్నది ఆరడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఇంగ్లీషు మీములకి అలవాటైన ఇంపాక్ట్ ఫాంటు 1965లో జెఫ్రీ లీ గీసింది, అందులో తెలుగు అక్షరాలే లేవు. ఆ బరువు తెలుగులో రావాలంటే రామభద్ర ఫాంటు వాడమనండి. ఉచితంగా దొరుకుతుంది, తెల్ల అక్షరానికి నల్ల అంచు పెట్టినా లోపలి గుండ్రాలు పూడుకుపోవు.

టైపింగులో జాగ్రత్త. ఫోన్లో మనం కొట్టేది యూనికోడ్, అందులో తెలుగు అక్షరాలకి సొంత కోడ్లుంటాయి. డీటీపీ షాపుల్లో పాత అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టినవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ చేస్తే గజిబిజి అయిపోతుంది. కన్వర్టర్ వాడినా ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. ఫోటోషాప్‌లో మన లిపుల్ని సరిగ్గా పేర్చే వరల్డ్ రెడీ లేఅవుట్ సెట్టింగు పెట్టకపోతే "స్త్రీ" మూడు ముక్కలై కూర్చుంటుంది. ప్రూఫులో ప్రతి ఒత్తూ వేలు పెట్టి చదవండి. ప్రింటయ్యాక దిద్దడం లేదు.

ప్రింటింగ్ డీటీఎఫ్ పద్ధతి. ప్లాస్టిక్ ఫిల్ము మీద రంగులూ వాటిపైన తెల్ల ఇంకూ వేసి, జిగురు పొడి చల్లి, వేడికి కరిగించి, ఆ ఫిల్మునే బట్ట మీద హీట్ ప్రెస్‌తో అద్దుతారు. 150 నుంచి 160 డిగ్రీలు, 12 నుంచి 15 సెకన్లు. డెల్టాలో దీనికి శత్రువు గాలిలో చెమ్మ. వానాకాలంలో పొడి చెమ్మ పీల్చి, ఇంకు లేనిచోట కూడా ఫిల్ముకి అంటుకుంటుంది. అక్షరం చుట్టూ తెల్లటి గరుకు అంచు వస్తుంది. గోటితో తడిమితే తెలుస్తుంది. ఈ షాపులో పొడి మూత బిగించిన డబ్బాలో పెడతారు, చొక్కాని ముందుగా అయిదు సెకన్లు ఒట్టి ప్రెస్ చేసి చెమ్మ లాగేస్తారు, ఫిల్ము తీశాక బటర్ పేపరు వేసి మరోసారి అద్దుతారు. ఈ రెండో అద్దుడు ఎగ్గొట్టే షాపుల్లో నాలుగు ఉతుకుల్లో అంచులు లేచిపోతాయి. కాఫీ మగ్గుల మీద వేసే సబ్లిమేషన్, అంటే ఇంకుని వేడికి ఆవిరి చేసి ఎక్కించే పద్ధతి, కాటన్ చొక్కాకి పట్టదు, దానికి లేతరంగు పాలిస్టర్ కావాలి. చవకని అది ఒప్పుకోకండి.

నచ్చనివీ ఉన్నాయి. ప్రూఫ్ ఫోన్ స్క్రీన్ మీదే చూపిస్తారు. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, ముదురు నీలం ఇంకులో చప్పబడతాయి. పది పీసులు దాటితే ఒక్క చొక్కా ముందు వేసి చూపించమని గట్టిగా అడగాలి. రెండోది ఇంకా పెద్దది. సొంతానికి ఒకటి వేయించుకునేవాళ్ళనీ, అమ్మకానికి వంద వేయించుకునేవాళ్ళనీ షాపాయన ఒకేలా చూస్తాడు. సినిమా ఫ్రేముకి హక్కుదారుంటాడు. నటుడి ముఖానికీ, ఊతపదానికీ కూడా రక్షణ ఉంటుందని 2023 సెప్టెంబరులో హిందీ నటుడు అనిల్ కపూర్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు చెప్పింది. ఆయన ఊతపదం "ఝకాస్" కూడా అందులో ఉంది. మూలం వెతకడంలో ఇంత శ్రద్ధ ఉన్న మనిషి, ఆ మూలం ఎవరి సొత్తో కూడా కొనేవాళ్ళకి చెప్పాలి.

180 జీఎస్ఎమ్ (చదరపు మీటరు బట్ట 180 గ్రాములు) కాటన్ చొక్కా, ఏ4 ప్రింటుతో ఒకటి 350 రూపాయలు, పది దాటితే 280. మామూలు రోజుల్లో రెండు రోజుల్లో ఇస్తారు, సంక్రాంతి ముందు పది రోజులు పడుతుంది. వారం కిందటి రీలు మాట మీద యాభై చొక్కాలు ఆర్డరిస్తే, చేతికొచ్చేసరికి జనం ఇంకో మాట పట్టుకుని ఉంటారు. పెద్ద ఆర్డరుకి "ఆయ్" లాంటి పాత మాటే మేలు, కొత్త డైలాగు అయిదారు పీసులకి ఆపండి. వాట్సాప్‌లో బొమ్మని కుదించుకుపోకుండా డాక్యుమెంటుగానే పంపండి, ఫోటోగా వద్దు. చొక్కా చేతికొచ్చాక ఒకరోజు ఉతక్కండి, ఆ తర్వాత తిరగేసి చన్నీళ్ళలో ఉతకండి, బొమ్మ మీద ఇస్త్రీపెట్టె ఆనించకండి.