కార్తీక దీపం: మొదటి సగానికి ఐదుకి నాలుగు, ముగింపుకి ఒకటిన్నర

స్టార్ మాలో 2017 అక్టోబర్ 16న మొదలై, 1569 ఎపిసోడ్లు నడిచి, 2023 జనవరి 23న ఆగిన సీరియల్ ఇది. ఆ రోజుల్లో విజయవాడ సత్యనారాయణపురం సందుల్లో రాత్రి ఏడున్నరకి నడిచేవాళ్లకి టీవీ కనబడకపోయినా కథ తెలిసిపోయేది. ఒక ఇంటి ముందు విలన్ మోనిత మొదలెట్టిన మాట పక్కింటి ముందుకొచ్చేసరికి పూర్తయ్యేది.

అది ఊరికే జరగలేదు. ఏడున్నరంటే కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే వేళ. అందుకే మాటలన్నీ చెవి కోసం రాస్తారు. చేయబోయే కుట్రని మోనిత పైకే అనుకుంటుంది, నిన్న జరిగింది హీరో తల్లి సౌందర్య ఇవాళ ఇంకొకరికి చెబుతుంది. పప్పు తాలింపు పెడుతూ విన్నా ఒక్క ముక్క పోదు. తీరిగ్గా కూర్చుని చూసేవాళ్లకి మాత్రం ఇదే నస. హీరోయిన్ దీప ఒక్క మాట అనగానే కెమెరా ఇంటిల్లిపాది ముఖాల మీదా మూడేసి సార్లు తిరిగొస్తుంది, అర నిమిషం గోవిందా.

మలయాళం సీరియల్ ‘కరుత్తముత్తు’ నుంచి తెచ్చుకున్న ముడి గట్టిది. దీప భర్త, గుండె డాక్టరు కార్తీక్‌కి, అంటే డాక్టర్ బాబుకి, పిల్లలు పుట్టరని మోనిత నమ్మిస్తుంది, అతను గర్భిణి దీపని అనుమానిస్తాడు. కవలల్లో హిమ తండ్రి దగ్గరా, శౌర్య తల్లి దగ్గరా పెరుగుతారు. వంటలు చేసి బతికే కన్నతల్లిని హిమ ‘వంటలక్కా’ అని పిలిచే సీన్లున్నాయే, సీరియల్ బలమంతా అక్కడే ఉంది. పిల్లకి తెలీదు, తల్లికి తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. మలయాళంలోనూ ఈ తల్లి పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ అరవకుండా, ఏడవకుండా నెగ్గుకొచ్చింది.

చిక్కల్లా ఒకటే: ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలే ముడి అది. దాన్ని ఏళ్లు లాగాక, నిజం తేలిన రోజే శుభం కార్డు వేయాల్సింది. వేయలేదు. వంటలక్క, డాక్టర్ బాబులని 2022లో ప్రమాదంలో చంపేశారు, పిల్లల్ని పెద్దవాళ్లని చేశారు. అసలు జంట లేకపోయేసరికి జనానికి పట్టలేదు, దాంతో కొన్ని నెలలకే చనిపోయినవాళ్లు తిరిగొచ్చారు. చచ్చినా తిరిగొస్తారని తెలిశాక ఇక ఏ ప్రమాదానికీ భయం ఉండదు. చివర్లో గుండె డాక్టరు భార్యకే గుండె జబ్బు తెచ్చినా కళ్లు చెమ్మగిల్లకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు జియోహాట్‌స్టార్‌లో చూద్దామనుకుంటే మొత్తం జోలికి పోకండి. ఎపిసోడ్ ఇరవై నిమిషాల చొప్పున వేసుకున్నా 520 గంటలు దాటుతుంది. పెళ్లి నుంచి దీప ఇల్లు వదిలేదాకా వరసగా చూడండి. పిల్లలు కాస్త పెద్దయి వంటలక్క చేతి వంట తినే భాగం ఒక్కటీ వదలొద్దు. ఆ తర్వాత నిజం తేలే ఎపిసోడ్లకి దూకేయండి. ప్రతి దాంట్లో మొదట జరిగిన కథ, చివర ‘తరువాయి భాగం’ దాటేస్తే రెండు మూడు నిమిషాలు కలిసొస్తాయి. ప్రమాదం దగ్గర ఆపేయండి.

2024 మార్చి 25న మొదలైన ‘కార్తీక దీపం: ఇది నవ వసంతం’లో నటుల జంట అదే అయినా కథ వేరు. దాని కోసం ఇది చూసి ఉండనక్కర్లేదు.