ఏగాన్ లైట్ 2: రెండేళ్లు వాడాక

స్విచ్ వేసి చెయ్యి తీసేలోపే తెర మీద నక్షత్రం గుర్తు, పక్కన కర్సర్. రెండేళ్లుగా నా బల్ల మీదున్న ఈ చిన్న కంప్యూటర్ బోర్డులో నాకు ఇవాళ్టికీ బాగా నచ్చేది అదే. పాస్‌వర్డ్ అడగదు, అప్‌డేట్ అని ఆపదు. కూర్చుని కొట్టడమే.

బెర్నార్డో కాస్ట్రప్ తయారుచేసి అందరికీ ఇచ్చేసిన ఏగాన్ లైట్ డిజైన్‌కి ఇది రెండో రూపం. లోపల జైలాగ్ ఈజెడ్80 చిప్, వేగం 18.432 మెగాహెర్ట్జ్, ర్యామ్ 512 కిలోబైట్లు. బొమ్మ, శబ్దం, కీబోర్డు సంగతి ఈఎస్‌పీ32 అనే ఇంకో చిప్ చూసుకుంటుంది. మెమరీ కార్డులోంచి బీబీసీ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష లోడవుతుంది.

నేను కొన్నది ఆ బేసిక్ కోసమే. బడి పిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మా బడికి బీబీసీ మైక్రోలు, అంటే ఇదే బేసిక్ నడిచే కంప్యూటర్లు, వచ్చాయి. మిషన్‌కి నలుగురం. నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేసేవారు. అప్పుడు నోటుపుస్తకంలో రాసి దాచుకున్న చుక్కల ముగ్గు ప్రోగ్రామ్‌ని ఇందులో ఉన్నదున్నట్టు కొట్టాను. తెర మీద చుక్క ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్క ఇక్కడా 1280 బై 1024, సున్నా ఎడమవైపు కింది మూలే. ఒక్క అంకె మార్చకుండా ముగ్గు పడింది. అమ్మ చూసి, "పదకొండు చుక్కలది కదరా!" అంది. మధ్యలో అసెంబ్లీ, అంటే చిప్ సొంత భాష, కలిపి రాసిన పాత ప్రోగ్రాములు మాత్రం నడవవు. బీబీసీ మైక్రోది 6502 చిప్, దీనిది జెడ్80 వంశం.

నాకు ఎక్కువ రాత్రులు పట్టింది తెలుగు అక్షరాలకి. వీడీయూ 23 ఆదేశంతో మన అక్షరం మనమే గీసుకోవచ్చు: ఒక్కో గడికి ఎనిమిది వరుసలు, వరుసకి ఎనిమిది చుక్కలు, వరుసకొక సంఖ్య. 'ర' ఇట్టే కుదిరింది. 'ప'కి తలకట్టు పెట్టాక 'ఫ' అడుగు గీతకి చోటు మిగల్లేదు. 'మ' పక్కకి రెండు గడులు తింది. ఒత్తుల కోసం కింద ఇంకో వరుస గడులు కేటాయించాల్సి వచ్చింది. 'అమ్మ' అన్న మాట తెర మీద సరిగ్గా నిలబడిన రోజు నిద్ర పట్టలేదు. లిపి ఎంత చోటు అడుగుతుందో నాకు చేతి వేళ్లతో తెలిసింది అప్పుడే.

ఒకటి ముందే తెలిసుంటే బాగుండేది. తెర మెమరీ ఈజెడ్80 చేతిలో ఉండదు. ప్రతి గీతా సీరియల్ దారిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, రెండో చిప్‌కి వెళ్లాలి. చుక్క చుక్కా పంపితే నత్తనడక. బొమ్మ మొత్తం ఒకసారి అటు పంపేసి, తర్వాత "జరుగు" అని మాత్రం చెబితే పరుగెడుతుంది. పాత మిషన్ల అలవాటుతో తెర మెమరీలో నేరుగా రాసేవాళ్లు దీనికి అలవాటు పడాలి.

సినిమాలు, బ్రౌజర్ కావాలంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొనుక్కోండి. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో పూర్తిగా పట్టుకోవాలనుకునే పదో తరగతి పిల్లలకి మాత్రం నేను ఇదే ఇస్తాను.

కొనేముందు రెండు చూసుకోండి. తెరకి బయటికొచ్చేది వీజీఏ అనే పాత రకం కనెక్షన్, నేను పాత సామాన్ల కొట్లో 17 అంగుళాల మానిటర్ తెచ్చుకున్నాను. కీబోర్డు సాకెట్ చూడ్డానికి యూఎస్‌బీయే గానీ, పీఎస్/2 అనే పాత కీబోర్డు భాష వచ్చిన కీబోర్డే పనిచేస్తుంది. ఇంట్లో ఉన్న మూడింట్లో పలికింది ఒక్కటే, అన్నిటికంటే పాతది.